భోజన విరామంలో తప్ప రోజంతా నెమ్మదిగా నడిచే సర్వర్: కొత్తది కొనడమే మార్గమా?

పత్తిమిల్లు గుమాస్తా, వరంగల్:

అందరికీ నమస్కారం. వరంగల్ నుంచి నర్సంపేట వెళ్ళే దారిలో ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో నేను లెక్కలు రాస్తాను. కంప్యూటర్ల గురించి కొంత తెలిసినవాణ్ణి కావడంతో వాటి బాగోగులు కూడా నా మీదే పడ్డాయి. మా సర్వర్ విషయంలో మీ సలహా కావాలి.

అది ఒక టవర్ సర్వర్. దానిలో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్), ఫైళ్ళు పంచుకోవడానికి సాంబా, ఒకదానికొకటి నకలుగా పనిచేసే 2 టెరాబైట్ల డిస్కులు రెండు ఉన్నాయి. కార్యాలయంలో తొమ్మిది, కాంటా గదిలో రెండు, మొత్తం పదకొండు కంప్యూటర్లు 24 పోర్టుల గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల వేగం గల) స్విచ్ ద్వారా దానికి కలుస్తాయి. ఆగస్టులో కార్యాలయానికి సున్నాలు వేయించినప్పుడు సర్వర్‌ను, పత్తిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు షెడ్డు వెనకాల తాళం వేసుకునే గదిలోకి మార్చాము. స్విచ్ మాత్రం కార్యాలయంలోనే ఉంది. రెండింటి మధ్య సుమారు 45 మీటర్ల కొత్త కేబుల్ వేయించాము. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ ఇబ్బందీ రాలేదు.

దసరా దాటి పత్తి బండ్లు రావడం మొదలైన దగ్గరి నుంచి కష్టాలు మొదలయ్యాయి. ఉదయం పది గంటలు దాటితే ఒక్క కాంటా చీటీ తెరవడానికి 30 నుంచి 40 సెకన్లు పడుతోంది. బండ్లు గేటు దాటి రోడ్డు మీద వరుస కడుతున్నాయి, తెల్లవారుజామున ఇంటి దగ్గర బయలుదేరిన రైతులు మా కంప్యూటర్ కోసం ఎండలో నిలబడవలసి వస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు గంటల దాకా భోజన విరామంలో మాత్రం అంతా చక్కగా నడుస్తుంది, బహుశా అప్పుడు కంప్యూటర్ల ముందు ఎవరూ ఉండకపోవడం వల్ల కావచ్చు. రాత్రి పూట కూడా బాగానే ఉంటుంది.

ఇప్పటిదాకా స్విచ్ మార్చి చూశాము, ఇంటర్నెట్ ప్లాన్ పెంచి చూశాము. కేబుల్ వేసిన కుర్రవాడు టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయి. పింగ్ చేస్తే (సర్వర్‌కు చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందా అని చూస్తే) ఒక మిల్లీసెకను లోపే జవాబు వస్తోంది, ఒక్కటి కూడా పోవడం లేదు. అందువల్ల నెట్‌వర్క్‌లో తప్పు లేదని, సర్వర్ పాతబడిందని, లక్షన్నర పెట్టి కొత్తది కొనమని మాకు కంప్యూటర్లు అమ్మే వ్యాపారి అంటున్నారు. మా యజమాని సరే అనేలా ఉన్నారు. కొనక ముందు చూడవలసినది ఇంకేమైనా ఉందా?

హనుమకొండ నెట్‌వర్క్:

దయచేసి ఇప్పుడే కొనకండి. కొత్త సర్వర్‌ను తెచ్చి అదే కేబుల్‌కు తగిలిస్తే అదే ఇబ్బంది తిరిగి వచ్చే అవకాశం కనిపిస్తోంది. అప్పుడు లక్షన్నరా పోతుంది, సీజన్‌లో మరో పది రోజులూ పోతాయి.

మీరు రాసినదాంట్లో నన్ను పట్టి నిలిపినది భోజన విరామం. ఆ గంటలో కంప్యూటర్ల ముందు మనుషులు లేకపోవడం ఒక్కటే కాదు, షెడ్డులో మోటార్లు కూడా ఆగుతాయి. ఈ రెండింటిలో ఏది కారణమో ముందు విడదీయాలి. అందుకు పరికరమేదీ అక్కరలేదు. రేపు పదకొండు గంటలకు, ప్రెస్సు నడుస్తూ ఉండగానే, అందరినీ అయిదు నిమిషాలు పని ఆపమని చెప్పి, మీరొక్కరే ఒక చీటీ తెరిచి చూడండి. అప్పుడు కూడా ఆలస్యమైతే సర్వర్ మీద భారం ఎక్కువై కాదని తేలిపోతుంది.

ఇంటర్నెట్ ప్లాన్‌కూ దీనికీ సంబంధం లేదు, ఎందుకంటే మీ కంప్యూటర్లకూ మీ సర్వర్‌కూ మధ్య జరిగే రాకపోకలు మీ మిల్లు గోడలు దాటి బయటికి పోవు.

తరువాత డిస్కునూ నెట్‌వర్క్‌నూ వేరు చేయండి. సర్వర్ ముందే కూర్చుని, ఈ మధ్య ఎవరూ తెరవని పెద్ద ఫైలునొకదాన్ని చదివించి వేగం చూడండి. ఈ మధ్య తెరిచిన ఫైలైతే అది డిస్కు నుంచి కాక మెమరీ నుంచి వచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు అటువంటి ఫైలును సెకనుకు 100 మెగాబైట్లకు పైగానే చదవాలి. ఆ పైన సర్వర్‌లోనూ ఒక కంప్యూటర్‌లోనూ ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ పెట్టి, డిస్కుతో పని లేకుండా తీగ వేగం ఒక్కదాన్నే రెండు దిక్కులా కొలవండి. గిగాబిట్ లింకు బాగుంటే 940 మెగాబిట్ల దగ్గర నిలబడుతుంది. 94 దగ్గర నిలబడితే లింకు 100కు పడిపోయిందని అర్థం. ఈ రెండూ కాకుండా అంకె పైకీ కిందికీ ఊగుతూ, తిరిగి పంపిన ప్యాకెట్ల (సమాచారపు చిన్న మూటల) గడిలో సంఖ్య పెరుగుతూ ఉంటే దారిలో ప్యాకెట్లు చెడిపోతున్నట్టు.

పింగ్ మీద నమ్మకం పెట్టుకోకండి. విండోస్ పింగ్ మామూలుగా 32 బైట్లే పంపుతుంది. పరిమాణం 1472 బైట్లుగా పెట్టి, ముక్కలు చేయవద్దనే ఎంపికతో ఒక 500 సార్లు పంపండి. దానికి శీర్షికల 28 బైట్లు కలిస్తే సరిగ్గా 1500 అవుతుంది, ఈథర్‌నెట్ ఒక ప్యాకెట్‌లో మామూలుగా మోసే గరిష్ఠ బరువు అదే. చిన్న పింగుతో పోలిస్తే తీగ మీద ఇది దాదాపు 20 రెట్లు పొడవు కాబట్టి, మధ్యలో ఏదో ఒక బిట్టు చెడే అవకాశం కూడా దాదాపు అన్ని రెట్లు ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది, సర్వర్‌లో, నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపే ఈథ్‌టూల్ ఆదేశాన్ని పెద్ద ఎస్ ఎంపికతో నడిపి, సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) లెక్క ఎంత ఉందో గంట గంటకూ కాగితం మీద రాసి పెట్టండి. ఆ లెక్క సర్వర్ వెలిగించినప్పటి నుంచి పోగవుతూ వస్తుంది కనుక ఒక్కసారి చూసిన అంకెకు విలువ లేదు. ఏ గంటలో ఎంత పెరిగిందన్నదే మనకు కావాలి.

జమ్మికుంట సర్వీసు:

హనుమకొండ అన్న చెప్పిన క్రమం సరైనదే, కానీ డిస్కుల సంగతిని అంత తొందరగా దాటవేయవద్దని నా మనవి. మా వైపు కూడా పత్తి మిల్లులే ఎక్కువ. సీజన్‌లో నేను తెరిచిన ప్రతి సర్వర్‌లోనూ ఫ్యాను రెక్కల మీద, గాలి లోపలికి పోయే జాలీ మీద పత్తి నూగు దుప్పటిలా పేరుకుని ఉంటుంది. గాలి ఆడక లోపల వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఆ వేడికి డిస్కులు కూడా పాడవుతాయి. మీ సర్వర్ ప్రెస్సు షెడ్డు వెనకాలే ఉందంటున్నారు కాబట్టి ముందు ఆ జాలీని చూడండి.

రెండు డిస్కులకూ స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల పట్టిక) తీయండి. 5, 197, 198 సంఖ్యల దగ్గర సున్నా ఉండాలి. 197 దగ్గర అంకె కనిపిస్తే ఆ డిస్కులో కొన్ని గడులు చదవడానికి మొరాయిస్తున్నాయని అర్థం. ఇళ్ళలో వాడే రకం డిస్కు అటువంటి గడి దగ్గర చాలా సెకన్లు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఆగిపోతుంది, జత డిస్కు బాగున్నా సర్వర్ మొత్తం దాని కోసం ఎదురుచూస్తుంది. 199 దగ్గర అంకె పెరుగుతూ ఉంటే మాత్రం డిస్కును మార్చకండి, అది డిస్కుకూ బోర్డుకూ మధ్యనున్న సాటా కేబుల్ గోల.

నెట్‌వర్కే కారణమని తేలితే, రైతులను నిలబెట్టకుండా తాత్కాలికంగా సర్వర్ నెట్‌వర్క్ కార్డును 100 ఫుల్ డూప్లెక్స్‌కు (పంపడం, అందుకోవడం ఒకేసారి; హాఫ్ అయితే ఒకదాని తరువాత ఒకటి) కట్టేయండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. చాలా చోట్ల అంతటితో పని గట్టెక్కుతుంది.

హనుమకొండ నెట్‌వర్క్:

డిస్కుల గురించి జమ్మికుంట తమ్ముడు చెప్పినది అక్షరాలా నిజం. నేను దాన్ని చిన్న మాటతో వదిలేయడం పొరపాటే. చివరి సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను, ఎందుకంటే దానివల్ల ఉన్న లోపం మీద ఇంకో లోపం వచ్చి పడుతుంది.

ఒక చివర వేగాన్నీ డూప్లెక్స్‌నూ బిగించి కట్టేస్తే, ఆ కార్డు ఏ వేగంతో, ఎలా మాట్లాడుకోవాలో అవతలి చివరతో బేరమాడడం మానేస్తుంది. అమరికలు మార్చే వీలు లేని మామూలు స్విచ్, ఎదుటివైపు నుంచి బేరం రాకపోతే, వేగం 100 అని గుర్తుపట్టగలదు కానీ డూప్లెక్స్‌ను గుర్తుపట్టలేక నియమం ప్రకారం హాఫ్ అనుకుంటుంది. ఇక్కడ ఫుల్, అక్కడ హాఫ్ అయినప్పుడు పని తక్కువగా ఉన్నంతసేపు బాగానే ఉన్నట్టుంటుంది. బండ్లు వచ్చి రాకపోకలు పెరగగానే స్విచ్ వైపు ఆలస్యపు ఢీకొట్టుళ్ళు, సర్వర్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు పోగవుతాయి. నిజంగా 100కు దించవలసి వస్తే బేరాన్ని అలాగే ఉంచి, కార్డు ప్రకటించే వేగాల జాబితాలో నుంచి 1000ని మాత్రమే తీసేయాలి. మనం ఇంకా కొలిచే దశలోనే ఉన్నాము గనుక అది కూడా ఇప్పుడు వద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల ఏమైందో ఎవరికీ తెలియదు.

పత్తిమిల్లు గుమాస్తా, వరంగల్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు మీరు చెప్పినట్టే చేశాను. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

అందరినీ అయిదు నిమిషాలు ఆపి నేనొక్కడినే చీటీ తెరిస్తే, ప్రెస్సు నడుస్తూ ఉండగా, 28 సెకన్లు పట్టింది. ఆ వెంటనే ప్రెస్సు మేస్త్రీని బతిమాలి రెండు నిమిషాలు మోటార్లు ఆపించాను. అదే చీటీ అయిదు సెకన్ల లోపే తెరుచుకుంది. మా యజమాని పక్కనే నిలబడి చూశారు.

సర్వర్ దగ్గర కూర్చుని ఫైలు చదివిస్తే సెకనుకు 130 మెగాబైట్లు వచ్చాయి. ఐపెర్ఫ్3 మాత్రం ప్రెస్సు ఆగినప్పుడు 900 దాటి చూపింది, నడిచేటప్పుడు 60కీ 200కూ మధ్య ఊగింది. లింకు వేగం 1000, ఫుల్ అనే ఉంది. పెద్ద పింగులు 500 పంపితే 23 పోయాయి. అదే సమయంలో చిన్నవి 500 పంపితే ఒక్కటే పోయింది. సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క ఉదయం తొమ్మిదింటికి 48,213 ఉంటే, పన్నెండింటికి 61,940 అయింది. భోజన విరామం మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ సరిగ్గా అంతే ఉంది.

జాలీ మీద నూగు నిజంగానే వేలు మందంలో ఉంది, తీసేశాను. రెండు డిస్కులలో ఒకదానికి 197 దగ్గర 16 కనిపిస్తోంది. ఇది మాకు అసలు తెలియదు.

హనుమకొండ నెట్‌వర్క్:

ఇంత శుభ్రంగా కొలిచి రాసినందుకు మెచ్చుకుంటున్నాను. మీ అంకెలే జవాబు చెబుతున్నాయి. నూటికి నాలుగైదు పెద్ద ప్యాకెట్లు దారిలో చెడిపోతున్నాయి. అది తక్కువగా కనిపించవచ్చు గానీ, పోయిన ప్యాకెట్‌ను పంపినవారు గుర్తించలేని సందర్భాల్లో లినక్స్ మళ్ళీ పంపడానికి కనీసం 200 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. ఒక చీటీ తెరవడానికి వెయ్యి చిన్న చదువులు జరుగుతాయనుకుందాము. వాటిలో 40 ఆగినా ఎనిమిది సెకన్లు ఊరికే పోతాయి. వాటిలో కొన్ని రెండోసారి కూడా పోతే ఆ ఎదురుచూపు ప్రతిసారీ రెట్టింపవుతుంది. మీ 28 సెకన్లు ఇలా పుట్టినవే అయి ఉండాలి.

ఇక లోపం సర్వర్ కార్డులోనా, కేబుల్‌లోనా, స్విచ్ పోర్టులోనా అన్నది తేల్చాలి. బాగుందని తెలిసిన ఒకటి రెండు మీటర్ల చిన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా సర్వర్‌కు కలిపి ఐపెర్ఫ్3 నడపండి. తరువాత అదే ల్యాప్‌టాప్‌ను స్విచ్ దగ్గరికి తీసుకుపోయి, స్విచ్‌ను తప్పించి, ఆ 45 మీటర్ల కేబుల్ చివరకే నేరుగా తగిలించి నడపండి. రెండు పరీక్షలూ ప్రెస్సు నడుస్తున్నప్పుడే చేయాలి, లేకపోతే రెండూ బాగున్నట్టే కనిపిస్తాయి. తరువాత కేబుల్ ఏ దారిన పోతోందో మొదటి నుంచి చివరి దాకా నడుచుకుంటూ చూసి రండి, రెండు చివర్ల ప్లగ్గులను వెలుతురులో పట్టుకుని రంగుల వరుస రాయండి.

197 కనిపించిన డిస్కు ఈ మందగమనానికి కారణం కాదు, కానీ దాన్ని వదిలేయకండి. ముందు వేరే చోటికి బ్యాకప్ తీసి, తరువాతే డిస్కు మార్చండి. జత డిస్కు నుంచి నకలు తిరిగి తయారయ్యే గంటల్లో మీకు మిగిలేది ఒక్క ప్రతి మాత్రమే.

పత్తిమిల్లు గుమాస్తా, వరంగల్:

చిన్న కేబుల్‌తో సర్వర్‌కు నేరుగా కలిపితే 941 వచ్చింది, ఒక్క ఎర్రరూ పెరగలేదు. పొడవు కేబుల్ చివర తగిలిస్తే మళ్ళీ అదే ఊగిసలాట.

కేబుల్ వెంట నడిచి చూశాను. సర్వర్ గది నుంచి బయటికి వచ్చాక అది ప్రెస్సు మోటారుకు పోయే త్రీఫేజ్ కేబుల్ ట్రేలోనే దాదాపు 15 మీటర్లు పోతోంది. నల్లటి కరెంటు కేబుల్‌కు దీన్ని ప్లాస్టిక్ ట్యాగులతో గట్టిగా కట్టేశారు.

ప్లగ్గులు రెండింటిలోనూ రంగులు ఎడమ నుంచి కుడికి ఇలా ఉన్నాయి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఒకేలా ఉంది కాబట్టి అది సరైనదే అనుకుంటున్నాను. ప్లగ్గు బయట తొడుగు రెండు అంగుళాల మేర చీల్చి ఉంది, లోపలి తీగల మెలిక పూర్తిగా విప్పేసి ఉంది.

కాజీపేట వైరింగ్:

ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను, రంగుల వరుస చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. గుమాస్తా గారూ, మీ లోపం అక్కడే ఉంది. రెండు చివర్లా ఒకేలా ఉండడం చాలదు.

ఈథర్‌నెట్‌లో సంకేతం ఎప్పుడూ మెలివేసిన ఒక జతలోని రెండు తీగల మీద పోతుంది. బయటి నుంచి వచ్చే రొద, మెలిక వల్ల, రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అందుకునే వైపు ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది. ఇంత సన్నని తీగ మోటార్ల మధ్య కూడా పనిచేయడానికి ఆధారం అదే. ప్లగ్గులో 1, 2 ఒక జత, 3, 6 ఒక జత, 4, 5 ఒక జత, 7, 8 ఒక జత. మీకు కేబుల్ వేసిన కుర్రవాడు రంగు పక్కన రంగు పెట్టి కొట్టడంతో 3, 6 స్థానాల్లో తెలుపు-ఆకుపచ్చ, నీలం వచ్చాయి, 4, 5 స్థానాల్లో ఆకుపచ్చ, తెలుపు-నీలం వచ్చాయి. అంటే మెలిక ఒక తీగతో, సంకేతం ఇంకో తీగతో. ఆ రెండు జతలకూ రొదను ఆపే శక్తి పోయింది. టెస్టర్ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఇక్కడి మూడో తీగ అక్కడి మూడో తీగకు కలిసిందా లేదా అన్నది తప్ప, ఏ తీగతో ఏది మెలిపడి ఉందో దానికి తెలియదు. పైపెచ్చు 3, 6 జతను 100 వేగం కూడా వాడుతుంది కాబట్టి, వేగం తగ్గించినా మీకు ఉపశమనం అనుమానమే.

సరైన వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలిక అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకండి, బయటి తొడుగు ప్లగ్గు లోపలి దాకా పోవాలి.

అయితే ప్లగ్గులు మార్చి ఊరుకోకుండా కేబుల్‌నే మార్చమంటాను. మీ దగ్గర ఉన్న తీగను చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. కొత్తగా వేసేది లోపలి దాకా రాగి ఉన్న క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ అయి ఉండాలి. కరెంటు ట్రేలోకి పోనివ్వకుండా వేరే పీవీసీ పైపులో, కనీసం అడుగు దూరంగా తీసుకుపోండి. కరెంటు కేబుల్‌ను దాటక తప్పని చోట పక్కపక్కన నడిపించకుండా అడ్డంగా దాటించండి. కాంటా గది విడిగా ఆరుబయట ఉంటే, దానికి మాత్రం వేసవి లోపు ఫైబర్ వేసుకోవడం మంచిది. ఏప్రిల్, మే నెలల గాలివానల్లో పిడుగు పడితే రాగి తీగ వెంట రెండు చివర్ల పరికరాలూ పోతాయి, గాజు తీగ కరెంటును మోయదు. రెండు చివర్లా పెట్టే, కాంతినీ కరెంటు సంకేతాన్నీ ఒకదాన్నొకటిగా మార్చే కన్వర్టర్లు ఒకే రకానివి అయి ఉండేలా చూసుకోండి.

పత్తిమిల్లు గుమాస్తా, వరంగల్:

గీకి చూశాను, లోపల తెల్లగానే ఉంది.

ఆదివారం మిల్లు బంద్ ఉన్నప్పుడు కొత్త కేబుల్ వేరే గోడ వెంట వేయించాను. రంగుల వరుస చీటీ మీద రాసుకుని, కుర్రవాడు ప్లగ్గు నొక్కే ముందు రెండు చివర్లా నేనే చదివి చూశాను. సోమ, మంగళవారాలు రెండు రోజులూ ప్రెస్సు పూర్తిగా నడిచింది. ఐపెర్ఫ్3 938 దగ్గర కదలకుండా ఉంది. సర్వర్‌ను మళ్ళీ వెలిగించినప్పటి నుంచి సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క సున్నా దగ్గరే ఉంది. కాంటా చీటీ ఇప్పుడు రెండు మూడు సెకన్లలో తెరుచుకుంటోంది, నిన్న సాయంత్రం చివరి బండి ఆరు గంటలకల్లా బయటికి పోయింది.

బ్యాకప్ తీశాక ఆ 16 చూపిన డిస్కును కూడా మార్చాను, నకలు రాత్రికి రాత్రి పూర్తయింది. కొత్త సర్వర్ ఆలోచన మా యజమాని మానుకున్నారు, కాంటా గదికి ఫైబర్ ఎంతవుతుందో కనుక్కోమన్నారు. కాజీపేట గారూ, ఆ పని మొదలుపెట్టే ముందు మళ్ళీ ఇక్కడే అడుగుతాను.

హనుమకొండ నెట్‌వర్క్:

చాలా సంతోషం. ఒక్క పని మిగిలింది. ఆ పాత 45 మీటర్ల కేబుల్‌ను చుట్టగా చుట్టి స్టోరు గదిలో పెట్టి ఉంటే, ఈ రోజే దాని రెండు ప్లగ్గులనూ కత్తిరించి పారేయండి. టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ వెలుగుతాయి కాబట్టి, వచ్చే సీజన్‌లో తొందర పనికి ఎవరో ఒకరు దాన్నే తీసి తగిలిస్తారు.